ట్రాన్సిస్టర్: ఒక మాట పుట్టుక

శ్రోతలకు నమస్కారం.

ఇవాళ ఒకే ఒక్క మాట గురించి మాట్లాడతాను. ఆ మాట ట్రాన్సిస్టర్. మా ఖమ్మం జిల్లా బోనకల్‌లోనో, మధిరలోనో, వైరాలోనో అరవై దాటిన వాళ్లను అడగండి, ట్రాన్సిస్టర్ అంటే బ్యాటరీలతో పలికే చిన్న రేడియో అని చెబుతారు. తోలు కవరు, భుజానికి తగిలించుకునే పట్టీ, పక్కన తిప్పే బిళ్ల, అంకెల మీద జరిగే ఎర్రటి ముల్లు అన్నీ వాళ్ల కళ్లముందు కదులుతాయి. అదే మాట ఇంటర్ చదివే పిల్లల్ని అడగండి, అది మూడు కాళ్ల పరికరమనీ, ఎమిటర్, బేస్, కలెక్టర్ దాని భాగాలనీ గడగడా అప్పజెబుతారు. ఇద్దరు చెప్పిందీ నిజమే. ఆ పేరు దానికి ఎందుకొచ్చిందని అడిగితే మాత్రం తాతా తడుముకుంటాడు, మనవడూ తడుముకుంటాడు.

నేను చాలా ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి. పిల్లలు శాస్త్రానికి భయపడరు, పేర్లకు భయపడతారు. నోరు తిరగని పేరు, అర్థం తెలియని పేరు, పరీక్షలో తప్పు రాస్తే మార్కు పోయే పేరు. ఆ పేరును విప్పి లోపల ఏముందో చూపిస్తే వాళ్ల ముఖాలు తేటపడతాయి. ట్రాన్సిస్టర్ అలా విప్పి చూపించదగ్గ మాటల్లో మొదటిది. రెండు మాటల్ని చెరొక చోట తెంచి, మిగిలిన ముక్కల్ని కలిపి చేసిన మాట అది. ఆ ముక్కలు లాటిన్ భాషవి. ఆ లాటిన్ ముక్కలకు మన ఊళ్లో రోజూ వినిపించే మాటలతో చుట్టరికం ఉంది. ఆ చుట్టరికం దాకా వెళ్లేముందు పుట్టుక చెప్పుకోవాలి.

అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలో మర్రే హిల్ అనే చోట బెల్ టెలిఫోన్ కంపెనీ వారి పరిశోధనాలయం ఉండేది. 1947 డిసెంబర్ 16న అక్కడ జాన్ బార్డీన్, వాల్టర్ బ్రాటెయిన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చిన్న జెర్మేనియం ముక్క మీద ఒక ప్రయోగం చేశారు. ముక్కోణపు ప్లాస్టిక్ బిళ్ల అంచుకు బంగారు రేకు అంటించి, కొన దగ్గర దాన్ని బ్లేడుతో సన్నగా చీల్చారు. ఆ చీలికకు అటూ ఇటూ ఉన్న రెండు బంగారు అంచుల్ని జెర్మేనియానికి ఆనించారు. ఒక అంచు దగ్గర ఇచ్చిన చిన్న విద్యుత్ సంకేతం రెండో అంచు దగ్గర పెద్దదై వచ్చింది. వారం తిరిగేసరికి, డిసెంబర్ 23న, తమ పై అధికారుల ముందు దాన్ని చేసి చూపించారు. మనిషి మాటను అందులోంచి పంపితే పెద్దగా వినిపించింది. శక్తి దాదాపు పద్దెనిమిది రెట్లు పెరిగిందని లెక్క కట్టారు. వాళ్ల బృందానికి పెద్ద విలియం షాక్లీ ఆ తర్వాత నెల రోజుల్లోనే మరింత గట్టి పద్ధతి ఒకటి ఆలోచించాడు. ముగ్గురికీ కలిపి 1956లో నోబెల్ బహుమతి వచ్చింది.

పరికరం పుట్టింది, పేరు పుట్టలేదు. దాదాపు ఆర్నెల్లు దానికి పేరే లేదు. అప్పటిదాకా రేడియోలో ధ్వనిని పెంచే పని గాజు వాల్వులు చేసేవి. ఈ కొత్తదాంట్లో గాజు లేదు, వేడెక్కే తీగ లేదు, ఖాళీ చేసిన గొట్టం లేదు. పాత పేరు పెట్టడానికి వీల్లేదు. 1948 మే 28న ఆ పరిశోధనాలయంలో ఒక కాగితం తిప్పారు. దాని మీద ఆరు పేర్లు రాసి, మీకు నచ్చినదానికి ఓటు వెయ్యండి అన్నారు. సెమికండక్టర్ ట్రయోడ్, సాలిడ్ ట్రయోడ్, సర్ఫేస్ స్టేట్స్ ట్రయోడ్, క్రిస్టల్ ట్రయోడ్, అయోటాట్రాన్, ట్రాన్సిస్టర్. మొదటి నాలుగూ వర్ణనలు. వాటితో పరిశోధనా వ్యాసం రాయొచ్చు గానీ అంగట్లో అడగలేం. అయోటాట్రాన్‌లోని అయోటా గ్రీకు అక్షరం, చిన్నది అనే భావం ఇస్తుంది. ట్రాన్ అనేది ఆ రోజుల్లో ఎన్నో ఎలక్ట్రానిక్ పరికరాలకు తగిలించిన తోక. ఓట్లు లెక్కపెడితే ట్రాన్సిస్టర్ గెలిచింది.

ఆ పేరు సూచించినవాడు జాన్ పియర్స్. అదే సంస్థలో ఇంజినీరు. ఆయన మరో పేరుతో వైజ్ఞానిక కల్పిత కథలు కూడా రాసేవాడు. నా ఉద్దేశంలో ఈ పేరు కుదరడానికి ఆ సంగతే కారణం. చెవికి ఎలా వినిపిస్తుందో ఆలోచించే అలవాటు కథలు రాసేవాడికి ఉంటుంది. జూన్ 30న న్యూయార్కులో పత్రికల వాళ్లను పిలిచి ఈ పరికరాన్ని చూపించారు. మర్నాడు న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఆ వార్తను రేడియో విశేషాల శీర్షికలో, 46వ పేజీలో, నాలుగు ముక్కల్లో వేసింది. ఇరవయ్యో శతాబ్దపు అతి పెద్ద ఆవిష్కరణల్లో ఒకదానికి దక్కిన చోటు అంతే.

ఇప్పుడు మాటను విప్పుదాం. పియర్స్ ఆలోచన ఇలా సాగింది. పాత వాల్వులో ప్రవేశించే వైపు వోల్టేజీ మారితే బయటికి వచ్చే కరెంటు మారుతుంది. ఆ గుణాన్ని ట్రాన్స్‌కండక్టెన్స్ అనేవారు. కొత్త పరికరం దానికి జంటలాంటిది, తిరగేసినది. ఇక్కడ ప్రవేశించేది కరెంటు. కాబట్టి దీని గుణాన్ని ట్రాన్స్‌రెసిస్టెన్స్ అనాలి. పైగా ఆ కుటుంబంలో అప్పటికే వేరిస్టర్, థర్మిస్టర్ అని రెండు పరికరాలున్నాయి. మారే నిరోధకం వేరిస్టర్. వేడిని బట్టి మారే నిరోధకం థర్మిస్టర్. వాటి సరసన కూర్చునేలా ఇది ట్రాన్సిస్టర్ అయింది.

పేరులోనే పని ఉంది. తక్కువ నిరోధం ఉన్న దారిలో కరెంటు లోపలికి ప్రవేశిస్తుంది. దాదాపు అంతే కరెంటు ఎక్కువ నిరోధం ఉన్న దారిలోంచి బయటికొస్తుంది. కరెంటు అంతే ఉండి నిరోధం పెరిగితే శక్తి పెరుగుతుంది. అంటే తక్కువ నిరోధం నుంచి ఎక్కువ నిరోధానికి దాటించేది అని అర్థం. ఇంకా తేలిగ్గా చెప్పాలంటే మన సాగర్ కాలువ బోనకల్ బ్రాంచి మీద తూము తలుపు చూడండి. ఒక్క మనిషి చక్రం కాస్త తిప్పితే వందల ఎకరాలకు పోయే నీరు పెరుగుతుంది, తగ్గుతుంది. ఆ నీటి బలం మనిషిది కాదు, కాలువది. ట్రాన్సిస్టర్‌లో బేస్ దగ్గరి చిన్న కరెంటు ఆ చక్రం తిప్పే చెయ్యి. కలెక్టర్‌లో పారే పెద్ద కరెంటు ఆ నీరు. ఆకాశంలోంచి వచ్చే సన్నని రేడియో తరంగం చక్రం తిప్పితే, బ్యాటరీ బలం స్పీకర్‌ను పలికిస్తుంది.

ట్రాన్స్‌ఫర్, రెసిస్టర్ అనే రెండు మాటల్ని తెంచి అతికేటప్పుడు ఎక్కడ తెంచారో గమనించండి. ట్రాన్స్‌ఫర్‌లోంచి ట్రాన్స్ ఉంచి ఫర్ తీసేశారు. రెసిస్టర్‌లోంచి రె తీసేశారు. ట్రాన్స్ చివర స్ ఉంది. మిగిలిన సిస్టర్ మొదట్లోనూ స ఉంది. రెండు సకారాలు ఒక్కటయ్యాయి. ఆ ఒక్క సకారం ఇటు ముక్కదీ, అటు ముక్కదీ. అందుకే అతుకు కనపడదు. మన వ్యాకరణంలో సంధి జరిగినప్పుడు అచ్చులు ఒకటవుతాయి, హల్లులు మారతాయి. అయితే సంధికి సూత్రం ఉంది, ఎప్పుడు ఏది పోతుందో ముందే తెలుస్తుంది. ఇంగ్లీషువాళ్లు ఇలా మాటల్ని తెంచి కలపడానికి సూత్రమేమీ లేదు, చెవే ప్రమాణం. మన వైపు అందరికీ తెలిసిన మరో ఉదాహరణ ట్రాన్స్‌కో. ట్రాన్స్‌మిషన్‌లో మొదటి ముక్క, కార్పొరేషన్‌లో మొదటి ముక్క. కరెంటు పోయినప్పుడల్లా మనం లాటిన్ మాట్లాడుతూనే ఉన్నాం.

ట్రాన్స్ అంటే లాటిన్‌లో అవతలికి, దాటి. పొలం గట్టు మీది ట్రాన్స్‌ఫార్మర్‌లో, ధాన్యం లారీ ట్రాన్స్‌పోర్టులో, టీచర్ల ట్రాన్స్‌ఫర్లలో ఉన్నది అదే. రెసిస్టర్‌లో రె అంటే వెనక్కి, సిస్ట్ అంటే నిలుచు, నిలుపు. ఎదురుగా వచ్చేదాన్ని వెనక్కి నెట్టి నిలబడేది రెసిస్టర్. మన తెలుగు పుస్తకాల్లో దాన్ని నిరోధకం అంటాం. చివరి ఆర్ పని చేసేవాణ్ణి చెప్పే ప్రత్యయం. అంటే ఈ మాటలో దాటడం ఉంది, నిలబడడం ఉంది, ఆ పని చేసే కర్త ఉన్నాడు. ఎదురెదురు అర్థాలున్న రెండు ధాతువుల్ని ఒకే కప్పు కింద చేర్చి, ఆ రెండింటి మధ్య జరిగే పనిని పేరుగా పెట్టారు.

ఇప్పుడు చుట్టరికం. లాటిన్‌లో నిలబెట్టు అనే క్రియ సిస్తో. నిలుచు అనే స్తా ధాతువును మొదట్లో రెట్టించి చేసిన రూపం అది. సంస్కృతంలో స్థా ధాతువుంది. దాన్ని వర్తమానంలో చెప్పేటప్పుడు స్థాతి అనరు, తిష్ఠతి అంటారు. ఇక్కడా మొదటి అక్షరాన్ని రెట్టించారు. రెండు భాషలూ ఒకే ధాతువుకు ఒకే చికిత్స చేశాయి. వేల ఏళ్ల కిందట ఈ రెండు భాషలూ ఒకే భాషగా ఉన్నప్పటి గుర్తు అది. చుట్టాలు ఇంటికొచ్చి నెల రోజులైనా కదలకపోతే తిష్ఠ వేశారు అంటాం. గుళ్లో విగ్రహాన్ని ప్రతిష్ఠిస్తాం. ఒకడు నిష్ఠగా ఉన్నాడంటాం. ఆ తిష్ఠ, ప్రతిష్ఠ, నిష్ఠల్లో ఉన్న ధాతువే ట్రాన్సిస్టర్ మధ్యలో ఉన్న సిస్ట్.

ట్రాన్స్‌కు సంస్కృతంలో దగ్గరి బంధువు తిరస్. అవతలికి, అడ్డంగా అని అర్థం. తిరస్కారం, తిరోధానం అనే మాటల్లో అది ఉంది. దాని వెనక ఉన్న ధాతువు దాటడాన్ని చెబుతుంది. తరించడం, అవతరించడం, తరణోపాయం, నదిని దాటే రేవును చెప్పే తీర్థం అన్నీ ఆ ధాతువు సంతానం. ఇక చివరి ఆర్. అది లాటిన్‌లోని తోర్ అనే ప్రత్యయపు శేషం. సంస్కృతంలో దాని జంట తృ. ఇచ్చేవాడు దాత, చేసేవాడు కర్త, నడిపించేవాడు నేత, మాట్లాడేవాడు వక్త. లాటిన్‌లో ఇచ్చేవాడు దాతోర్. మిమ్మల్ని శ్రోతలు అని పిలిచానే, వినేవాడు శ్రోత, ఆ మాట చివర ఉన్నదీ ఇదే ప్రత్యయం.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పి తీరాలి. ఇలాంటి పోలికలు కనపడగానే కొందరు లాటిన్ సంస్కృతం నుంచి పుట్టిందనీ, ప్రపంచంలో మాటలన్నీ మనవేననీ అంటారు. అది తప్పు. కలకత్తాలో విలియం జోన్స్ 1786లో సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలనీ, ఆ మూలభాష బహుశా ఇప్పుడు మిగిలి లేదనీ ప్రతిపాదించాడు. తర్వాతి పండితుల పరిశోధన దాన్ని గట్టిపరిచింది. సంస్కృతం లాటిన్‌కు తల్లి కాదు, అక్కో చెల్లెలో. తెలుగు ఆ ఇంటి పిల్ల కాదు. 1816లో మద్రాసులో ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్ తెలుగు, తమిళం, కన్నడం వేరే కుటుంబమని చూపించాడు. మన సొంత మాటలు నిలుచు, దాటు. వాటికి లాటిన్‌తో ఏ సంబంధమూ లేదు. తిష్ఠ, తరణోపాయం మనం సంస్కృతం నుంచి తెచ్చుకుని సొంతం చేసుకున్నవి. కాబట్టి ట్రాన్సిస్టర్ మనకు మేనరికం వైపు చుట్టం అనుకోవచ్చు, రక్తసంబంధం కాదు. ఉన్న బంధుత్వాన్ని ఉన్నంతమేరకు చెప్పుకుంటేనే దానికి గౌరవం.

ఆ మాట పుట్టిన 1948 సంవత్సరంలో మా ప్రాంతం ఎలా ఉందో కూడా చెప్పాలి. అప్పటికి ఖమ్మం జిల్లా లేదు. అది 1953లో ఏర్పడింది. బోనకల్, మధిర నిజాం రాజ్యంలో వరంగల్ జిల్లా కింద ఉండేవి. కొద్ది దూరంలో సరిహద్దు దాటితే మద్రాసు రాష్ట్రంలోని కృష్ణా జిల్లా. ఒకవైపు సాయుధ పోరాటం, ఒకవైపు రజాకార్ల దాడులు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని జనం సరిహద్దు దాటి ఇండియన్ యూనియన్ వైపు వెళ్లి తలదాచుకున్న రోజులవి. మర్రే హిల్‌లో ఓట్ల కాగితం తిరుగుతున్న ఆ వేసవిలో ఇక్కడ ఊళ్లకు ఊళ్లు బిక్కుబిక్కుమంటూ ఉన్నాయి. సెప్టెంబర్ 13న భారత సైన్యం ప్రవేశించింది, 17కు నిజాం లొంగిపోయాడు. ఆ డిసెంబర్ 1న విజయవాడలో ఆకాశవాణి కేంద్రం మొదలైంది. హైదరాబాదులోని దక్కన్ రేడియో 1950 ఏప్రిల్‌లో ఆకాశవాణిలో కలిసింది. ఒక ఏడాదిలోనే న్యూజెర్సీలో ట్రాన్సిస్టర్‌కు పేరొచ్చింది, మా మీద నిజాం పాలన పోయింది, మా పొరుగున తెలుగులో మాట్లాడే రేడియో వచ్చింది. ఈ మూడింటి ఫలితాన్నీ పదిహేను, ఇరవై ఏళ్ల తర్వాత ఒకే సంచిలో వేసుకుని మా రైతు పొలానికి తీసుకెళ్లాడు.

అంతకుముందు రేడియో అంటే బల్ల మీద కూర్చునే పెట్టె. దానికి కరెంటు కావాలి, ఇంటి మీద పొడుగాటి ఏరియల్ తీగ కావాలి, మీట నొక్కాక వాల్వులు వేడెక్కేదాకా కాచుకోవాలి. పంచాయతీ ఆఫీసులోనో, ఊళ్లో పెద్దింట్లోనో ఒకటుండేది. 1954 అక్టోబర్‌లో అమెరికాలో రీజెన్సీ టి.ఆర్.1 అనే జేబు రేడియోను ప్రకటించారు. నాలుగు ట్రాన్సిస్టర్లు, ధర దాదాపు యాభై డాలర్లు. మరుసటి ఏడాది జపాన్‌లో టోక్యో త్సుషిన్ కోగ్యో అనే సంస్థ తన సెట్టు తెచ్చింది. విదేశీయుల నోట ఆ పేరు పలకదని 1958లో కంపెనీ పేరు సోనీగా మార్చుకున్నారు. లాటిన్‌లో సోనస్ అంటే ధ్వని, దానికి ఇంగ్లీషులో పిల్లవాణ్ణి ముద్దుగా పిలిచే సన్నీని జోడించారు. అదీ అతుకు మాటే. సోనస్‌కు సంస్కృతంలో చుట్టం స్వనం. మన భాషాశాస్త్రవేత్తలు వాడే స్వనిమం అందులోంచి వచ్చింది. మన దేశంలో బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ 1962లో జెర్మేనియం పరికరాల తయారీ మొదలుపెట్టింది.

సెట్టు మన చేతికొచ్చాక మాట అర్థం పక్కకు జరిగింది. ట్రాన్సిస్టర్ రేడియో అని పిలిచినంతకాలం ట్రాన్సిస్టర్ విశేషణం. కొన్నాళ్లకు రేడియో రాలిపోయి ట్రాన్సిస్టర్ ఒక్కటే మిగిలింది. లోపలి ముక్క పేరు మొత్తం పెట్టెకు పాకింది. మన అలంకార శాస్త్రంలో దీన్ని లక్షణ అంటారు. నాగలి పట్టేవాళ్లు పది మంది ఉన్న ఇంటిని పది నాగళ్ల ఇల్లు అన్నట్టు. ఇంగ్లీషులోనూ ఇదే జరిగింది. అయితే మన వైపు ఆ అర్థం ఎంత గట్టిగా నాటుకుందో ఒకసారి రేడియో మెకానిక్ బల్ల దగ్గర చూశాను.

బోనకల్ స్టేషన్ వైపు వెళ్లే దారిలో ఒక చిన్న కొట్టు ఉండేది. ఒక రైతు తన సెట్టును తువ్వాలులో చుట్టి తెచ్చాడు. "అన్నా, ట్రాన్సిస్టర్ మూగబోయింది, గరగర తప్ప ఏం రావట్లే" అన్నాడు. మెకానిక్ వెనక మూత తీశాడు. లోపల బెత్తెడు పొడవున్న నల్లటి ఫెర్రైట్ కడ్డీ, దాని మీద దారమంత సన్నని రాగి తీగ చుట్టలు. ముల్లును జరిపే దారం రెండు కప్పీల మీదుగా తిరిగి, స్టేషన్ మార్చే గ్యాంగు చక్రానికి చుట్టుకుని ఉంది. చదరపు రేకు డబ్బాల్లో ఐ.ఎఫ్. కాయిల్స్, వాటి నెత్తిన పసుపు, తెలుపు, నలుపు రంగు మరలు. పక్కనే వేలి గోరంత రేకు టోపీలు, ఒక్కోదానికి మూడు కాళ్లు. స్పీకరుకు దగ్గర్లో ఉన్న జంట మీద ఏ.సి.128 అని రాసి ఉంది. అతను మీటరు తీగల కొనలు కాళ్లకు ఆనించి అటూ ఇటూ చూశాడు. చూసి, "పెద్దయ్యా, నీ ట్రాన్సిస్టర్ బాగానే ఉంది, అందులో ట్రాన్సిస్టర్ పోయింది" అన్నాడు. రైతుకు అర్థం కాలేదు. మెకానిక్ టంకం కరిగించి ఆ మూడు కాళ్లనూ ఊడదీసి అతని అరచేతిలో పెట్టాడు. "ఇదే అసలు ట్రాన్సిస్టర్. దీని పేరే మనం మొత్తానికి పెట్టుకున్నం" అని చెప్పాడు. ఆ మెకానిక్ పెద్దగా చదువుకున్నవాడు కాదు. లక్షణ అనే మాట అతనికి తెలిసి ఉండదు. నేను క్లాసులో గంటసేపు చెప్పేదాన్ని అతను ఒక్క వాక్యంలో చెప్పేశాడు.

వాల్వుకు కావలసిన కరెంటు అక్కర్లేకపోవడమే ఆ చిన్న ముక్క చేసిన మేలు. నాలుగు సెల్లులు, ఆరు వోల్టులు, నెలల తరబడి పాటలూ వార్తలూ. సెల్లులు నీరసిస్తే ఎండలో పెట్టి మళ్లీ వేసేవాళ్లు. భద్రాచలం వైపు అడవిలో కరెంటు స్తంభం ఇంకా చేరని గూడేల్లోకి కూడా ఇది చేరగలిగింది అందుకే. మిరప కల్లంలో కాపలా పడుకున్నవాళ్ల తలవైపు, జొన్నచేను మంచె మీద, బర్రెల వెనక నడిచే పిల్లగాడి భుజానికి ఇది వేలాడింది. 1966 నుంచి ఆకాశవాణి కేంద్రాల్లో వ్యవసాయ విభాగాలు మొదలయ్యాయి. అవే రోజుల్లో కొత్త వరి వంగడాలు వచ్చాయి. తమిళనాట తంజావూరులో ఒక వంగడాన్ని జనం రేడియో వరి అనే పిలుచుకున్నారు. విత్తనం పేరు కన్నా ఆ కబురు మోసుకొచ్చినదాని పేరే వాళ్లకు గుర్తుండిపోయింది. స్టేషను సరిగ్గా పడకపోతే సెట్టును ఏ దిక్కుకు తిప్పాలో అప్పటి పిల్లలకు కూడా తెలుసు. లోపలి ఫెర్రైట్ కడ్డీ తరంగానికి అడ్డంగా ఉంటేనే బాగా అందుతుంది. ఆ సూత్రం చదవకుండానే వాళ్లు ఆ పని చేసేవాళ్లు.

ట్రాన్సిస్టర్‌కు ఒక తమ్ముడున్నాడు, అతనూ మన ఊరి మీదుగా రోజూ పోతుంటాడు. అతని పేరు థైరిస్టర్. గ్రీకులో థైరా అంటే తలుపు. దానికి ట్రాన్సిస్టర్ తోక తగిలించారు. తెరిస్తే కరెంటును పోనిచ్చి, మూస్తే ఆపే అర్ధవాహకం అది. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ 1957లో దీన్ని తయారుచేసింది. థైరాకు సంస్కృతంలో తోబుట్టువు ద్వారం. ఇంగ్లీషులో డోర్ కూడా ఆ ఇంటిదే. మన బోనకల్ మీదుగా పోయే కాజీపేట, విజయవాడ మార్గం నిజాం రైల్వే 1880ల్లో వేసినది. దాని మీద మొదట బొగ్గు ఇంజిన్లు నడిచాయి. 1990ల్లో మన దేశానికి వచ్చిన త్రీఫేజ్ కరెంటు ఇంజిన్లలో మోటార్లకు కరెంటును కోసి అందించింది థైరిస్టర్లే. మన ఇంట్లో ఫ్యాను వేగాన్ని తగ్గించే ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్‌లోనూ దాని జాతి ముక్కే ఉంటుంది. గ్రీకు తలుపు, లాటిన్ నిలకడ కలిసి మన గోడ మీద ఉన్నాయి.

గ్రీకునూ లాటిన్‌నూ కలిపితే ఇంగ్లండులో పాత పండితులకు నచ్చేది కాదు. టెలివిజన్‌లో టెలి గ్రీకు, విజన్ లాటిన్ అని ముఖం చిట్లించినవాళ్లున్నారు. ఇలాంటి పట్టింపు మనకూ ఉంది. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో సమాసాల్ని సాంస్కృతికం, ఆచ్ఛికం, మిశ్రమం అని విడదీశాడు. సంస్కృత పదాన్ని తెలుగు పదంతో సంస్కృత పద్ధతిలో అతికితే వైరి సమాసమని దోషం కింద లెక్కగట్టారు. పద్యం రాసేవాడికి ఆ పట్టింపు అవసరమే కావచ్చు. జనం మాత్రం పూజగది, రైలుబండి, కరెంటు స్తంభం, పోస్టుపెట్టె అని హాయిగా కలుపుకుంటూ పోయారు. రేడియోకు ఆకాశవాణి అనే పేరు 1935లో మైసూరులో ప్రొఫెసర్ ఎం.వి. గోపాలస్వామి తన కేంద్రానికి పెట్టారు, తర్వాత అది దేశానికంతటికీ పేరైంది. సంస్థకు ఆ పేరు నిలిచింది. పెట్టె మాత్రం రేడియోగానే, ట్రాన్సిస్టర్‌గానే ఉండిపోయింది. నన్నడిగితే అదే సరైనది. ట్రాన్సిస్టర్‌కు కొత్తగా సంస్కృత పదం కట్టి పిల్లల నెత్తిన పెట్టనక్కర్లేదు. మిరప కల్లంలో రెండు తరాలు వాడిన మాట అది. ట్రాన్సిస్టరు, ట్రాన్సిస్టర్లు, ట్రాన్సిస్టరోడు అని మన విభక్తులూ మన బహువచనమూ దానికి అతికిపోయాయి. ఇక అది తెలుగే.

మాటను మార్చక్కర్లేదు గానీ విప్పి చెప్పాలి. ఇప్పుడు మన చేతిలోని ఫోనులో ఒక్క చిప్పు మీద వందల కోట్ల ట్రాన్సిస్టర్లుంటాయి, కొన్నిటిలో వెయ్యి కోట్లు కూడా దాటాయి. సెట్టు పోయింది, పెట్టె పోయింది, 1948లో ఓటు పడిన పేరు మాత్రం పోలేదు. రేపు మన పిల్లలు చిప్పుల కర్మాగారాల్లో పనిచేయబోయేది ఆ పేరుతోనే.

అందుకే మా మండలంలోనూ జిల్లాలోనూ సైన్సు చెప్పే ఉపాధ్యాయులకు నా మనవి. ట్రాన్సిస్టర్ పాఠం మొదలుపెట్టేటప్పుడు నల్లబల్ల మీద ఆ మాటను రెండు ముక్కలుగా రాయండి. ఒక ముక్క కింద తరణోపాయం అనీ, రెండో ముక్క కింద తిష్ఠ అనీ రాయండి. డయోడ్, థర్మిస్టర్, ట్రాన్స్‌ఫార్మర్ వచ్చినప్పుడూ అలాగే చేయండి. పది నిమిషాలు పడుతుంది, ఏడాదంతా పనికొస్తుంది. శ్రోతలకు ఇంకో మనవి. భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1962లో రైతుల మాటల్ని పోగుచేసి మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం తెచ్చారు. గ్యాంగు, రాడ్డు, గరగర, స్టేషను పట్టడం, ముల్లు జరగడం లాంటి రేడియో మెకానిక్కుల మాటలు కూడా అలా పుస్తకంలోకి ఎక్కాలి. ఆ పని తెలిసిన పెద్దలు మీ ఊళ్లో ఎవరైనా ఉంటే, వాళ్ల దగ్గర కూర్చుని ఆ మాటలు రాసిపెట్టండి. అటక మీద పాత సెట్టు ఉంటే పాత ఇనప సామాను వాడికి వేయకండి, దగ్గర్లోని హైస్కూలుకు ఇవ్వండి. మూత తీసి చూపించడానికి అంతకన్నా మంచి పాఠ్యపుస్తకం లేదు.